గుర్రపునాడా విప్పిన తరువాత

తమ్ముడు పైడిరాజుకి, రాయగడ నుంచి అక్క రాసేది. నీ ఫోను రెండు రోజులుగా పలకడం లేదు. నా కొడుకు బాలు నా ఫోను ఎత్తడు. అందుకే మధ్యాహ్నం బస్సు కండక్టరు చేతికిచ్చి ఇది పంపుతున్నాను.

నెల రోజులుగా వాడు బ్రేకు తొక్కినప్పుడల్లా లారీ ముందువైపు ఢక్కుమని కొట్టుకుంటోంది. మెకానిక్కుకి చూపించరా అంటే నవ్వుతాడు. "దిష్టికని బంపరుకి గుర్రపునాడా నువ్వే కట్టేవు కదే అమ్మా, అదే ఊగి కొట్టుకుంతంది. కట్టిందీ నువ్వే, దాని సప్పుడుకి బయపడేదీ నువ్వేనేటి?" అన్నాడు. నిజమే కాబోలని నేనూ ఊరుకున్నాను. తప్పు నాదే.

మనసు ఒప్పక, ఈ ఉదయం వాడు స్నానం చేస్తుంటే నాడా విప్పేశాను. వాడు చూసుకోకుండానే బయలుదేరాడు. వీధి చివర గేదె అడ్డొస్తే బ్రేకు వేశాడు. గుమ్మంలో నిలబడ్డ నాకు అదే చప్పుడు వినిపించింది. కేకేశాను, ఆగలేదు.

రేపు పొద్దున్న మీ టికిరిలో లోడు ఎత్తుకుని కొండ ఘాటీ దిగుతాడు. ఆ దారిలో మీ బావకి ఏమైందో నీకు రాయక్కరలేదు. లోడు ఎక్కకముందే బండిని నీ షెడ్డుకి తెప్పించి, ముందు చక్రాలు జాకీ మీద లేపి ఊపి చూడు. కమానులు, పిన్నులు, బుష్‌లు ఏదీ వదలకు. నేను చెప్పానంటే వినడు, మళ్ళీ నాడాయే అంటాడు.

నాడాని గుడ్డలో చుట్టి ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. ముందు అది వాడి చేతిలో పెట్టు. అప్పుడు బ్రేకు తొక్కమను.