ఫోన్ చదివిన నవల

నాన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని తెలుగు లైబ్రరీ పుస్తకాలను ఫోన్లోకి ఎక్కించారు. ఈ పరాయి రాష్ట్రంలో పెరిగి తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రానివాళ్లకు నువ్వు ఆదివారాలు మన వరండాలో చదివేవాడివి. ఇప్పుడు ఫోనే చదువుతోంది.

ఇవాళ అందరినీ పిలిచి ఒక నవల వినిపించాను. తప్పు ఒక్కటీ లేదు. అయినా నరసమ్మత్త విసుక్కుంది.

“ఏటే, ఇది ఊపిరి పీల్చదేటి? మీ నాన్నయితే మంచి పట్టులో ఆపేసి, ‘ఇప్పుడేటవుతాదో సెప్పండ్రా’ అనీవోడు. మేం దెబ్బలాడుకునీవోళ్లం.”

“ఆపడానికి బటన్ ఉందత్తా.”

“ఎక్కడ నొక్కాలో దానికి తెలుసేటి?”

ఇద్దరు లేచి చెప్పులు వేసుకున్నారు. వీళ్లు వెళ్లిపోతే మళ్లీ రారు. ఫోన్ కట్టేసి, నీ అలమరలోంచి అదే నవల తీసి నేనే చదివాను. పెళ్లికూతురు రైలు దిగిపోయిన చోట ఆగి, ఏమవుతుందని అడిగాను.

“తిరిగొస్తాది,” అంది అత్త.

“రాదు,” అన్నారు గేటు దాకా వెళ్లిన ఆ ఇద్దరూ వెనక్కి తిరిగి.

అందరూ మళ్లీ దెబ్బలాడుకోవడం మొదలెట్టారు నాన్నా; పేజీ తిప్పాలో వద్దో నాకు తోచలేదు.