పదహారు గొంతుల ప్రోగ్రాం

కిరందుల్,
2-3-2014

ఎర్రయ్య బాబాయి గారికి,

ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ నేనూ నాన్నా కులాసా. రెండేళ్ళ కిందట ఇక్కడి ఆస్పత్రిలో మీరూ నాన్నా పక్కపక్క మంచాల మీద ఉన్నారు. పడిపోయిన కుడి చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, ఎడమ చేతి వేళ్ళతో మంచం కమ్మీ మీద మీరు వాయించిన డోలు దెబ్బ ఇంకా నా చెవిలోనే ఉంది. "ఇగ నా చేత్తో డోలు పలకదు బిడ్డా" అన్నారు. పలుకుతుంది. రైల్వే సిగ్నల్ గదిలో పదకొండేళ్ళుగా తీగలు అతుకుతున్నదాన్ని, ఆ మాత్రం చెయ్యలేనా?

బోర్డు తెప్పించాను. డ్యూటీ లేనప్పుడల్లా ప్రోగ్రాం రాస్తున్నాను. మొత్తం పదహారు గొంతులు. అన్నిటినీ ఒకే డబ్బాలో సర్ది, మీ మనవరాలు తిరుపతమ్మ పెళ్ళికి అందేలా పంపిస్తాను.

మీ అమ్మాయిలాంటి
ప్రమీలారాణి

తా.క.: గట్టిగా కొట్టనక్కర్లేదు. వేలితో తాకితే చాలు, గొంతు విప్పుతాయి.


కిష్టారం,
14-3-2014

బిడ్డ ప్రమీలకు ఎర్రయ్య దీవించి రాయించునది.

భద్రాద్రి రామయ్య దయతో బాగున్నం. నా చెయ్యి రాయదు గనుక నేను చెప్తుంటే సన్న రాస్తున్నడు. సన్న నా శిష్యుడే. ఇరవై ఏండ్లు నా ఎనక డోలు కొట్టి, ఇప్పుడు కిరాణా దుకాణం పెట్టి పొట్ట పెంచిండు. నా చెయ్యి పడ్డంక సన్న, హుంగా, లక్మా ముగ్గురూ డోళ్ళు దూలానికి కట్టేసిన్రు. పెండ్లికి కుంట టౌన్ నుంచి డీజే మాట్లాడిన్రు. నేను నోరు మూసుకున్న.

గిప్పుడు నీ ఉత్తరం వచ్చింది. పదహారు మంది పాటగాళ్ళు మనూరికి ప్రోగ్రాం ఇయ్యనీకి వస్తున్నరని ఊరంత తెలిసింది. నువ్వు రైల్వే దానివి, డబ్బా ఇప్పియ్యగలవు. కానీ పట్టాలు మా దిక్కు లెవ్వు గద బిడ్డా! సుక్మా కాడికి ఎట్లనో తోలిస్తే ట్రాక్టర్ పంపుతం. బోర్డు గూడ తెప్పించినవట, దాని మీద తిరుపతమ్మ పేరు పెద్దగ రాయించు.

ఎర్రయ్య

తా.క.: వేలితో తాకితే గొంతు విప్పుతరని రాసినవు. అండ్ల ఆడోళ్ళు ఉన్నరా? ఉంటే తాకుడు ముచ్చట మా ఊర్ల కుదరదు. దూరం నుంచి పిలిస్తే పాడరా?


కిరందుల్,
24-3-2014

బాబాయి గారికి,

వందనాలు. మీ ఉత్తరం చదివి అన్నం పొయ్యి మీద మాడబెట్టాను.

డబ్బా అంటే రైలు డబ్బా కాదు, టిఫిన్ డబ్బా అంత పెట్టె. బోర్డు అంటే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్. దాని మీద పేరు రాయడానికి చోటు లేదు. ఏ రేకు తాకితే ఏ చప్పుడు చెయ్యాలో దానికి నేర్పే రాతే ప్రోగ్రాం. పెట్టె పైన పదహారు రాగిరేకులు, వాటికి పదహారు మోతలు: డోలు దెబ్బలే ఎనిమిది రకాలు, మిగతావి గజ్జెలు, తాళాలు, పిల్లనగ్రోవి. మీరు ఎడమ చేత్తో వాయించడానికే ఇదంతా. మీరనుకుంటున్న పదహారు మందీ అసలు మనుషులు కారు! దయచేసి ఈ మాట ఊళ్ళో అందరికీ చెప్పండి.

మీ ప్రమీల

తా.క.: తిండి ఖర్చేమీ ఉండదు. నాలుగు సెల్లులు వేస్తే రోజంతా పలుకుతాయి.


కిష్టారం,
6-4-2014

బిడ్డ ప్రమీలకు ఎర్రయ్య దీవించి రాయించునది.

ఉత్తరం అందింది. "మనుషులు కారు" అని రాసినవు. అంత గొప్ప కళాకారులా! ఈ మాట చెప్తే సన్న కలం ఆపి గుటకలు మింగిండు.

నిన్న ముగ్గురూ కలిసి డోళ్ళు దించిన్రు. తోళ్ళు ఎండకు పెట్టి, నా పెరట్ల సాధన మొదలువెట్టిన్రు. కిరందులోళ్ళ ముందర ఊరి ఇజ్జత్ పోవద్దట. డీజేను వాళ్ళే వద్దన్నరు. లక్మా మూడో దెబ్బ తప్పుతున్నడు, నేను తిడుతున్న. రెండేండ్లకు మళ్ళ ఒకణ్ణి డోలు కాడ తిట్టిన బిడ్డా, పాణం నిమ్మళమైంది.

పదహారు మందికి పందిరి ఏస్తున్నం. ఆలస్యం చెయ్యకు.

ఎర్రయ్య

తా.క.: అంత పెద్ద కళాకారులు, పదహారు మందికి నాలుగు సెల్లులేనా? అవి గూడ మోసుకరావద్దని చెప్పు. ఇక్కడ టవర్ లేదు.


కిరందుల్,
17-4-2014

బాబాయి గారికి,

తల పట్టుకుని కూర్చున్నాను. మీ ఉత్తరం చదివి నాన్న నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు. నాకు మాత్రం ఏడుపొస్తోంది. ఖాళీ పందిరి కింద, పెళ్ళివాళ్ళ ముందు మీరు తలొంచుకుని నిలబడితే ఆ పాపం నాదే. స్వయంగా వచ్చి చెబుదామంటే సెలవు దొరకలేదు.

పెట్టెను పాత చీరలో చుట్టి సుక్మా బస్సు డ్రైవరు చేతికి ఇచ్చాను. పెళ్ళికి ముందే తెరిచి, ఊరి పెద్దలను పిలిచి చూపించండి. తప్పు నాదేనని చెప్పండి. మీరు నన్ను తిట్టినా పడతాను.

ప్రమీల

తా.క.: మరీ తప్పించుకోలేకపోతే, పదహారుమందికీ ఒకేసారి విరేచనాలు పట్టుకున్నాయని చెప్పండి. ఆ అబద్ధానికి నేను ప్రార్థన చేసుకుంటాను.


కిష్టారం,
11-5-2014

బిడ్డ ప్రమీలకు ఎర్రయ్య దీవించి స్వయంగా రాయునది.

అవు, నేనే రాస్తున్న, ఎడమ చేత్తో. మూడు రోజులు పట్టింది. అక్షరాలు మేకలు తొక్కిన మడి లెక్కున్నయి, సర్దుకో.

నన్ను క్షమించాలె. నీ రెండో ఉత్తరంతోనే నాకు సంగతంత తెలిసింది. రాయలేను గానీ సదవగలను గద! కానీ జవాబు రాసే కలం సన్న చేతుల ఉండె. నిజం చెప్తే వాడు రాస్తడు, రాసి డోలు మళ్ళ దూలానికి కడతడు. అందుకని తెలవనట్టే చెప్పి రాయించిన. నువ్వు ఏడ్చినవని సదివినప్పుడు మాత్రం నాకు అన్నం పోలే.

పెండ్లినాడు పందిరి కింద ఊరంత కూసున్నది. నేను మంచం మీద డబ్బాకు చుట్టిన చీర విప్పిన. సన్న వంగి చూసి, "పాటగాళ్ళేరి మామా?" అన్నడు.

"ఇగో. లెక్కపెట్టుకో" అన్న.

రేకులు లెక్కపెట్టిండు. మొకం ఎర్రగైంది. "మోసం చేసినవ్ మామా!"

"చేసిన. నీ మెడల డోలున్నదా, లేదా?"

వాడు మెడ తడుముకున్నడు. నేను ఎడమ చెయ్యి రేకు మీద పెట్టిన. ధిమ్మని పలికింది బిడ్డా. నా దెబ్బనే. నా కండ్లకు ఏం కనవడలే. ఎనక నుంచి హుంగా అందుకున్నడు, లక్మా అందుకున్నడు, మూడో దెబ్బ తప్పలే. సన్న ఆఖరికి అందుకున్నడు గానీ అందరికంటె గట్టిగ కొట్టిండు. పొద్దు గూకేదాకా ఆపలే. తిరుపతమ్మ పీటల మీదికెళ్ళి లేచి ఆడింది. పంతులు కోపం చేసి, కాసేపటికి ఆయనే కాలు కదిపిండు.

నీకు వెయ్యేండ్లు.

ఎర్రయ్య

తా.క.: హుంగా డబ్బాకు దిష్టి తగిలిందని నీళ్ళు చల్లిండు. అప్పటి నుంచి పిల్లనగ్రోవి రేకు ఎవరూ ముట్టకున్నా మోగుతనే ఉన్నది. మా కోడిపుంజు దానికి బదులు కూసి కూసి గొంతు పోగొట్టుకున్నది. ఎట్ల ఆపాలె? జల్ది రాయి. ఇది మాత్రం నిజంగనే తెలవక అడుగుతున్న.