రుజువు కావాలన్న తమ్ముడికి

తమ్ముడికి,

అక్క దీవెనలు. ప్రేమగా రాయగలిగింది ఇంతవరకే. మిగతాది చదవడానికి నీ తిరిగే కుర్చీలో కుదురుగా కూర్చో. ఆ కుర్చీ వచ్చిన రోజు ఫోన్ చేసి మరీ చెప్పావు కదా, అందులోనే.

మన ఇద్దరిదీ ఒకటే కంపెనీ అని చుట్టాల దగ్గర గొప్పగా చెప్పుకుంటాం కానీ, నేను పనిచేసే చోటు నువ్వు ఒక్కసారైనా చూడలేదు. నువ్వు హెడ్డాఫీసు, నేను లాండ్రీ. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు బండ్లలో వస్తాయి. ఉతికినవాటిని మా హాల్లో ఇస్త్రీ చేస్తాం. తడి దుప్పటిని రెండు వేడి రోలర్ల మధ్యకి ఇటునుంచి నేను అందిస్తాను, అటునుంచి మడతల పిన్ని అందుకుంటుంది. మనకి చుట్టమేమీ కాదు, వయసులో పెద్దదని హాలంతా ఆమెను పిన్నీ అనే పిలుస్తుంది. రోజంతా ఆవిర్లో నిలబడాలి. కుర్చీలు ఉండవు. ఉంటే కూర్చుంటామని భయం.

కిందటి వానల్లో ఆ హాలు గోడకి నీ సంతకంతో నోటీసు అంటించారు. ఒక్కరోజు పనికి రాకపోయినా సరే, జబ్బు పేరు రాసి డాక్టరిచ్చిన సర్టిఫికెట్ గేటు దగ్గర చూపించాలట. లేకపోతే చెప్పాపెట్టకుండా మానేసినట్టేనట. అందరూ నా మొహంలోకి చూశారు. పైవాళ్ళు చెప్పింది వాడు రాసుంటాడు, వాడికి మాత్రం ఏం తెలుసు అని నిన్ను వెనకేసుకొచ్చాను. సిగ్గులేకుండా చాలాసార్లు వెనకేసుకొచ్చాను.

ఆ తర్వాత ఏం జరిగిందో చెబుతాను విను. ఒక పూట పడుకుంటే తగ్గిపోయే జ్వరంతో మనుషులు క్లినిక్కు బెంచీల మీద పడిగాపులు పడ్డారు. మందు కోసం కాదు, కాగితం కోసం. అక్కడికి వెళ్ళే ఓపిక లేనివాళ్ళు జ్వరంతోనే పనికొచ్చి దుప్పట్ల మీద దగ్గారు. ఆ దుప్పట్లే మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాయి. జబ్బుమనిషి దగ్గిన దుప్పటి మీద ఇంకో జబ్బుమనిషిని పడుకోబెట్టే తెలివి మీ హెడ్డాఫీసుకి తప్ప ఇంకెవరికీ రాదు.

ఇక నా సంగతి. ఇది నీకు చెప్పకూడదనే అనుకున్నాను. కొన్ని విషయాలు తోబుట్టువైనా సరే మగపిల్లాడికి చెప్పడానికి నోరు రాదు. కానీ నీకు తెలియనిదేముంది, నీ బల్ల మీదికే వచ్చింది కదా. చాలా నెలలుగా నాకు రక్తం ఆగడం లేదు. ముదురు రంగు చీరలే కట్టుకుని, ఎవరి పక్కనా కూర్చోకుండా, నెట్టుకొచ్చాను. ఒక ఉదయం రోలర్ ముందు కళ్ళు తిరిగాయి. చెయ్యి రోలర్ మీద పడబోయింది. పిన్ని అటునుంచి మిషను ఆపకపోతే నేను ఈ ఉత్తరం వేరేవాళ్ళ చేత రాయించుకునేదాన్ని. మా వీధి చివర లేడీ డాక్టరు చూసి, గర్భసంచిలో గడ్డలున్నాయి, ఆపరేషన్ చేయాలి, ముందు కొన్నాళ్ళు మంచం దిగొద్దంది.

దిగకుండా పడుకుని, లేచాక కాగితం పట్టుకుని వెళ్ళాను. గేటు దగ్గర హాజరు వేసే ఆయన్ని మేము మైకు అంటాం. ఆయనకి మెల్లగా మాట్లాడటం చేతకాదు. సర్టిఫికెట్ తీసుకుని, నీ నోటీసు ప్రకారం జబ్బు పేరు చూసి రాసుకోవాలి కాబట్టి, పైకి చదివాడు. గర్భసంచి అని చదివాడు, రక్తస్రావం అని చదివాడు. "ఇది జబ్బు కిందికి వస్తుందా అమ్మా, ఆడవాళ్ళందరికీ ఉండేదేగా?" అని అడిగాడు. బండ్లలోకి మూటలెక్కించే మగవాళ్ళంతా అక్కడే ఉన్నారు. ఒకడు నవ్వాడు. ఒకాయన మాత్రం పెద్దమనిషి తరహాగా అటు తిరిగి నిలబడ్డాడు. నాకు తల తీసేసినట్టయింది. నా ఒంట్లో సంగతి నా మొగుడితో చెప్పడానికే వారం పట్టింది నాకు. అది వాకిట్లో చాటింపు అయిపోయింది.

ఇంత అయ్యాక హెడ్డాఫీసు నుంచి జవాబు. సర్టిఫికెట్ కంపెనీ డాక్టరు ఇచ్చినది కానందున, విశ్రాంతి అవసరమనడానికి తగిన రుజువు లేనందున, సెలవు తిరస్కరించడమైనది. కింద నీ సంతకం. చివర తోకలా సాగే గీత చిన్నప్పుడు నా పుస్తకాల అట్టల మీదే కదా సాధన చేశావు, గుర్తుపట్టనా?

చూడకుండా పెట్టావనే అనుకుంటున్నాను. కాగితాలు దొంతరగా వస్తాయి, కింద సంతకం చేస్తూ పోతావు, పైన పేరెవరిదో చూడవు. అంతే కదా. అంతేనని ఒక్క ముక్క రాయి. ఆపరేషన్ వచ్చే నెల. దానికి ముందే రాయి.

నీ అక్క

*

తమ్ముడికి,

నీ జవాబు అందింది. కవరు చేతికిచ్చిన మీ బావ నా మొహం ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్ళిపోయారు. రెండు పేజీలు రాశావు. నీ నోటీసులాగే ఉంది, చదువుతుంటే గోడకి అంటించుకోవాలనిపించింది.

నువ్వు చూడకుండా సంతకం పెట్టలేదన్నమాట. పేరు చూశావు. నా పేరేనని తెలిసింది. కలం పక్కన పెట్టి చాలాసేపు ఆలోచించావు కూడా. ఒప్పుకుంటే అక్కకి సాయం చేశాడంటారు, ప్రమోషన్ వచ్చే సమయంలో మాట పడుతుంది, అందుకని మిగతావాళ్ళ కాగితాల కన్నా నాది ఇంకాస్త గట్టిగా పట్టి చూసి తిరస్కరించావు. దీనికి నువ్వు నిష్పక్షపాతం అని పేరు పెట్టావు. ఆ మాటకి అర్థం తెలిసే రాశావా? చూడకుండా పెట్టి ఉంటే నువ్వు బద్ధకస్తుడివని సరిపెట్టుకునేదాన్ని. చూసి పెట్టావు. పిరికివాడివి.

చివర్లో దయ కూడా చూపించావు. కంపెనీ డాక్టరు చేత ఇంకో సర్టిఫికెట్ రాయించుకుని తిన్నగా నీకు పంపితే ఎవరికీ తెలియకుండా పాస్ చేస్తావట. ఎవరికీ తెలియకుండా. నా జబ్బేమో గేటు దగ్గర అందరికీ తెలియాలి, నీ సాయం మాత్రం ఎవరికీ తెలియకూడదు. అక్కర్లేదు నాయనా. ఆపరేషన్‌కి కూడా రావద్దు. వస్తే నువ్వెవరో నేను చెప్పను. నీకు ఒంట్లో బాగుండని రోజుల్లో నేను పక్కనే కూర్చున్నాను, నీ నుదురు ముట్టుకుని చూశాను తప్ప నీ దగ్గర కాగితం అడగలేదు. అది ఎత్తి చూపడం నా స్వభావం కాదు. అయినా ఇవాళ చూపిస్తున్నాను.

ఇంకొక సంగతి. నీ ఉత్తరం హాల్లో అందరికీ చదివి వినిపించాను. కోపగించుకోకు, నువ్వు నాకు నేర్పిన పద్ధతే. పిన్ని మొత్తం విని, గోడ మీద నోటీసు మళ్ళీ ఒకసారి చదవమంది. అందులో అడుగున చిన్న అక్షరాల్లో, ఒంట్లో ఏ కాస్త నలతగా ఉన్నా కంపెనీ డాక్టరు ధ్రువీకరించాలి అని ఉంది. అది చదవగానే పిన్ని, "మరి నలత లేనిదెవరికే మనలో?" అంది. తర్వాత ఒక్కొక్కరే మొదలుపెట్టారు. మడమ నొప్పి ఒకరికి, చెయ్యి పైకి లేవదు ఒకరికి, మూత్రంలో మంట ఒకరికి. పక్కపక్కనే నిలబడి ఇన్నేళ్ళు పనిచేశాం, ఎవరం ఎవరికీ చెప్పుకోలేదు.

సోమవారం మేమందరం కంపెనీ డాక్టరు దగ్గరికి వెళుతున్నాం. ఇది బెదిరింపు కాదు. నీ నోటీసును అక్షరం పొల్లు పోకుండా పాటించబోతున్నాం. పాటించేవాళ్ళు దొరికారని సంతోషించు.

ఇట్లు,
రుజువు లేని రోగి

*

తమ్ముడికి,

నిన్ననే కుట్లు విప్పారు. మంచం మీద దిండు ఆనుకుని రాస్తున్నాను కాబట్టి అక్షరాలు వంకరగా ఉంటాయి. మనసు వంకరేమీ లేదు.

ముందు ఆ సోమవారం సంగతి రాస్తాను. నువ్వూ అక్కడే ఉన్నావు కానీ తలెత్తలేదు, కాబట్టి నువ్వు చూడనిది చెబుతాను. ఇస్త్రీ హాలు ఖాళీ అయిందని, హోటళ్ళవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారని నిన్నే పంపించారు చూడు, అది మాత్రం మీ హెడ్డాఫీసు చేసిన మంచి పని. క్లినిక్కు బయట వరసలో మేమందరం నిలబడి ఉంటే నువ్వు బొత్తాలన్నీ పెట్టుకున్న చొక్కాతో కారు దిగావు. నన్ను చూసి చూడనట్టు లోపలికి వెళ్ళావు. వరస దాటి వెళ్ళినందుకు ఎవరూ ఏమీ అనలేదు. నీకోసమే కదా ఎదురు చూస్తున్నది.

డాక్టరు అప్పటికే విసిగిపోయి ఉన్నాడు. వీళ్ళని తొందరగా చూసి పంపించండి అని నువ్వు అనగానే ఆయన కలం మూత పెట్టేశాడు. "నేను వైద్యం చదివింది జబ్బు తగ్గించడానికండీ. ఎవరు నిజం చెబుతున్నారో, ఎవరు నటిస్తున్నారో తేల్చడానికి కాదు. ఆ పని కావాలంటే మీ కంపెనీ ఇంకెవర్నైనా పెట్టుకోవాలి. రేపటినుంచి నేను మందు రాస్తాను, సర్టిఫికెట్ రాయను." తలుపు తీసే ఉంది. వరస మొత్తం విన్నది.

అప్పుడు పిన్ని లోపలికొచ్చి నీ ఎదురుగా కూర్చుంది. ఆమె నీతో గొడవ పడుతుందనుకున్నాను. గొంతు కూడా పెంచలేదు.

"బాబూ, రుజువు కావాలన్నది నువ్వేనా? చెబుతాను, రాసుకో. తుమ్మినా, నవ్వినా, తడి దుప్పట్ల గంప ఎత్తినా నాకు ఒంటికి ఆగదు. గుడ్డలు పెట్టుకుని పనికొస్తాను. మా కోడలికి కూడా తెలియదు. నీకు చెబుతున్నాను."

నువ్వు నీ బూట్ల వంక చూస్తూ, "వద్దండీ పిన్నిగారూ," అన్నావు.

"వద్దంటే ఎట్లా? జబ్బు పేరు పెట్టి రాయాలని నువ్వేగా అన్నావు."

ఆ తర్వాత ఇంకొకామె వచ్చింది, ఆమె తర్వాత ఇంకొకామె. నువ్వు చెవుల దాకా ఎర్రబడటం గుమ్మంలోంచి చూశాను. నా వంతు వచ్చింది. నేను లోపలికి రాలేదు. నాది నువ్వు చదివేశావు కదా. వెనక్కి తిరిగి ఇంటికొచ్చేశాను. ఆ రోజు నీ మీద జాలేమీ కలగలేదు. ఇంకా ఇద్దరు ముగ్గురు చెప్పి ఉంటే బాగుండేదనిపించింది.

ఆపరేషన్ అయ్యాక మెలకువ వచ్చేసరికి గది గుమ్మం బయట బెంచీ మీద నువ్వు కూర్చుని ఉన్నావు. గడ్డం మాసిపోయి ఉంది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. రావద్దన్నాను, వచ్చావు, కాబట్టి ఉండు అనుకున్నాను. రోజూ అలాగే చేశాను. నువ్వు ఒక్కసారి కూడా క్షమించమనలేదు. ఆ మాట అని ఉంటే నర్సుని పిలిచి పంపించేసేదాన్ని. మీ బావ ఇంటికెళ్ళినప్పుడు నువ్వు నా నోటికి చెంచాతో నీళ్ళు పట్టావు, నేను నిద్రపోతున్నాననుకుని బెడ్‌పాన్ తీసి కడిగి పెట్టావు. నిద్రపోలేదు. అన్నీ చూశాను.

నువ్వు వెళ్ళిపోయాక మీ బావ నెమ్మదిగా ఒక సంగతి బయటపెట్టారు. నాకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నావట. ఆయన కడుపులో మాట ఎప్పుడు దాగింది? ఇంట్లో మనిషికి తోడుండటానికి సెలవు కావాలంటే ఆ రోగి సర్టిఫికెట్ జతచేయాలని నువ్వే ఇంకో నోటీసు రాశావట. నా దగ్గర ఉండటానికి నువ్వు సెలవు అడిగితే, రోగి ఎవరు, జబ్బేమిటని నీ పైఆఫీసరు అడిగాడట. నీ చేతిలో నా కాగితాలన్నీ ఉన్నాయి. ఒకటి తీసి బల్ల మీద పెడితే సరిపోయేది. ఆవిడ ఒంట్లో సంగతి చెప్పే హక్కు నాకు లేదు, అడిగే హక్కు మీకూ లేదని రాసి ఇచ్చి వచ్చేశావట. అందుకే నిన్ను ఆ సీటు నుంచి తీసేసి, పాత సామాన్ల గోదాం చూడమన్నారట. తిరిగే కుర్చీ పోయిందన్నమాట.

ఇది విని ఏడుస్తాననుకున్నారు పాపం మీ బావ. నేను నవ్వాను. కుట్లు లాగాయి. నీ జీవితంలో ఒక్క పని సరిగ్గా చేశావు, అదీ ఇంత ఆలస్యంగా, నీ మెడకి చుట్టుకున్నాక. ఇది చాలా చిన్న పని తమ్ముడూ, మా హాల్లో వాళ్ళు ఒకరికోసం ఒకరు రోజూ చేసేదే. గొప్పగా అనుకోకు. కానీ చేశావు. నేను గోడవైపు తిరిగి పడుకున్నన్నాళ్ళూ నాకు చెప్పుకోకుండా చేశావు. అందుకని ఈ ఉత్తరం రాస్తున్నాను.

డాక్టరు మాట మీదే ఉన్నాడు. కాగితాలిచ్చేవాడు లేకపోయేసరికి మా హాల్లో నోటీసు దానంతటదే ఊడిపోయింది. ఇప్పుడు ఎవరికైనా బాగా లేకపోతే పిన్నికి చెబుతున్నారు, పిన్ని సూపర్‌వైజర్‌కి చెబుతోంది. మైకు కూడా ఈమధ్య కాస్త గొంతు తగ్గించాడట.

ఆదివారం ఇంటికి రా. ఎదురుగా కూర్చుంటాను, గోడవైపు తిరగను. తిట్టడం మాత్రం ఇంకా అయిపోలేదు, మిగిలింది మొహం మీదే తిడతాను. ఒకవేళ ఒంట్లో బాగోక రాలేకపోతే ఆ మాట ఫోన్లో చెప్పు. నేను నమ్ముతాను.

అక్క