పక్క డిస్ట్రిక్ట్‌లో సీటు

ఫెబీ నాన్నగారికి,

లూసీ వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ అర్కాన్సాలో నేనూ ఫెబీ బాగున్నాం. అక్కడ ఉద్యోగం ఊళ్ళో, అల్ఫారెట్టాలో మీరూ బాగున్నారని తలుస్తాను. ఫెబీ దగ్గు తగ్గిందా అని అడిగారు, తగ్గింది. స్కూల్ సీటు సంగతి ఎందుకు దాటవేస్తున్నావనీ అడిగారు. మీరు స్పీకర్ పెట్టి మాట్లాడతారు, మీ రూమ్మేట్లందరూ వింటారు. అందుకే రాస్తున్నాను.

ఫెబీని పక్క స్కూల్ డిస్ట్రిక్ట్ బడికి మార్చమని స్కూల్ చాయిస్‌లో అప్లై చేశాం కదా. అప్పటినుంచి ఇక్కడి ప్రిన్సిపాల్ నన్ను చూస్తే చాలు, కరిగిపోతోంది. ఫెబీ వెళ్తే తనకు దిగులంటుంది. పిల్ల బడి మారితే స్టేట్ ఇచ్చే నిధులూ పిల్ల వెంటే పోతాయట. ఆ దిగులు దేనికో నాకు తెలియదా!

చర్చిలో మాత్రం ఎవరికీ చెప్పలేదు. పని అయ్యేదాకా మనవాళ్లెవరు నోరు విప్పుతారు? బుధవారం కూటంలో "ఒక విషయం కోసం ప్రార్థించండి" అన్నాను, అంతే. నా వెనకే రేణు, "మాకూ ఒక విషయం ఉందండి" అంది. వీళ్లూ ఆ సీటుకే పెట్టారేమో అనుకున్నాను. వాళ్ల అబ్బాయి కెన్నీదీ ఫెబీ క్లాసే. కూటం అయ్యాక కారు దగ్గర పట్టుకుంది.

"అక్కా, మీరు కూడా చాయిస్‌కి అప్లై చేశారా?"

"అబ్బే, మాకెందుకు రేణూ!"

తర్వాత సీటు ఫెబీకే వచ్చింది. మీకు చెప్పలేదు. ఆ వారమే మా బడిలో పిల్లలు తగ్గి నిధులు తగ్గాయని, చదవడంలో వెనకబడ్డవాళ్లకు విడిగా చెప్పే క్లాసు తీసేశారు. కెన్నీ ఇంకా కూడబలుక్కునే చదువుతాడు. పక్క బడిలో ఆ క్లాసు ఉంది. వెయిటింగ్ లిస్ట్‌లో మొదటి పేరు వాడిదేనని రేణు నా భుజం మీద పడి ఏడ్చింది. ఏడుస్తూనే, "మీ విషయం కూడా అయిపోవాలని రోజూ ప్రేయర్ చేస్తున్నానక్కా" అంది. నాకు సిగ్గేసింది.

ఏవండీ, ఆ సీటు వద్దని చెప్పేశాను. అడిగితే మీరు ఒప్పుకోరని అడగలేదు.

కెన్నీ సీటు సంగతి ఏమైందని నిన్న రేణుని కదిపాను. "ఎక్కడక్కా, ఇంకా ఏం తెలీలేదు" అంది, చూపు తప్పించి. కారెక్కగానే ఫెబీ, "మామ్, కెన్నీ న్యూ స్కూల్‌కి వెళ్తున్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు" అంది.

ఒళ్ళు మండిపోయింది. ఇల్లు చేరేదాకా తిట్టుకుంటూనే ఉన్నాను. కారు ఆపాక ఏడుపొచ్చింది. ఆ సీటు ఎవరు వదిలితే వచ్చిందో ఆమెకు ఎన్నటికీ చెప్పలేను. చెబితే ముందు నా అబద్ధమే బయటపడుతుంది.

ఇట్లు,
ఫెబీ అమ్మ,
లూసీ