ఐదు మాత్రల పథ్యం

కొమరోలు,
6-8-1973

మార్కాపురం లేడీ డాక్టరమ్మ దగ్గర కాంపౌండరు నరసింహాన్ని దీవించి పుల్లమ్మ రాయించేది.

నాయనా, మేము బాగుండాము, గొర్రెలూ బాగుండాయి. మా కోడలు పుష్పమ్మకు అండాశయం నిండా చిన్న చిన్న నీటి తిత్తులుండాయి, అందుకే నెలనెలా బయట చేరడంలేదు, గుడ్డు విడుదల కావడంలేదు అని డాక్టరమ్మ చెప్పె. మద్రాసు మాత్రలు తెప్పిస్తామంటిరి. ఏవి? పెళ్లయి ఆరేండ్లాయె. ఉగాదికల్లా నీళ్లు పోసుకోకపోతే మా కొడుకు మాలకొండయ్యకు దొనకొండ పిల్లనిచ్చి మళ్లీ పెళ్లి చేస్తాను.

ఇట్లు, పుల్లమ్మ వేలిముద్ర.

మరిచితి: మా గొర్రె ఒకటి రెండేండ్లుగా ఈనలేదు. మాత్రలు ఒకటి రెండు ఎక్కువ పంపు.

మార్కాపురం,
20-8-1973

పుల్లమ్మ పెద్దమ్మకు నరసింహం నమస్కారాలు.

మాత్రలు పంపుతున్నాను, ఐదే. బయట చేరిన ఐదో రోజు మొదలు రోజుకొకటి చొప్పున ఐదు రోజులు పుష్పమ్మ ఒక్కతే మింగాలి. పథ్యమేమీ లేదు. మొదటి నెలలోనే ఫలితం రాకపోవచ్చు, ఓపిక పట్టండి. ఒక్కోసారి కవలలు పుడతారు.

మీ విధేయుడు నరసింహం.

తా.క: గొర్రెకు పశువుల డాక్టరు వేరే ఉన్నారు. మీ ఉత్తరంలో దొనకొండ పిల్ల మాట దగ్గర సిరా అలుక్కుపోయింది. వానలో తడవనివ్వకండి.

కొమరోలు,
2-10-1973

నాయనా నరసింహం, చల్లగా ఉండు.

మందలో ఒకదానికి మందు తాపితే అన్నిటికీ తాపేది మా పద్ధతి. అందుకని కోడలికి, నాకు, నా ఇద్దరు కూతుళ్లకు, ఆ గొర్రెకు తలా ఒక మాత్ర పంచబోతిని. ఇంతలో పొట్లంలో ఉన్న నీ ఉత్తరం చదివిస్తే, కోడలు తప్ప ఎవరు మింగినా మీసాలొస్తాయని రాసినావంట. బతికించినావు. నీ పథ్యమంతా చేయిస్తాండా. కోడలు నీళ్ల బిందె ముట్టడంలేదు, మావాడే మోస్తాండాడు, వీధంతా నవ్వుతాండారు. పొద్దున్నే గ్లాసు పాలు నేనే ఇస్తాండా. మాత్రలు నడిచినన్నాళ్లు ఇంట్లో దొనకొండ మాట ఎత్తరాదంటివి, ఎత్తడంలేదు.

ఇట్లు, పుల్లమ్మ వేలిముద్ర.

మరిచితి: మీసాలు గొర్రెకు కూడా వస్తాయా?

మార్కాపురం,
15-10-1973

పెద్దమ్మకు నమస్కారాలు.

మీసాల సంగతి నేనెప్పుడు రాశాను? పాలు, బిందె, దొనకొండ, ఇవేవీ నేను రాయలేదు. నా ఉత్తరాలు మీకు చదివి పెడుతున్నదెవరో కాస్త కనుక్కోండి. మీసాల మందు ఎప్పటినుంచి ఇస్తున్నావని డాక్టరమ్మ నన్ను నిలదీసింది. మరో రెండు నెలలకు మాత్రలు పంపుతున్నాను.

మీ విధేయుడు నరసింహం.

తా.క: గొర్రెకు రావు.

కొమరోలు,
18-2-1974

నాయనా నరసింహం, నీ కడుపు చల్లగుండ.

కిందటి ఉత్తరంలో కోడలికి కొత్త రవికెగుడ్డ కూడా పథ్యమని రాసినావంట. అదేం పథ్యమో గానీ కొనిచ్చినాను. మొన్న డాక్టరమ్మ చూసి మూడో నెల అనింది. దొనకొండోళ్లకు వద్దని కబురు పెట్టినా. ఆ గొర్రె కూడా సూడి కట్టింది. పొట్టేలును మార్చినాము.

ఇట్లు, పుల్లమ్మ వేలిముద్ర.

తా.క: ఇది అత్త చెప్పింది కాదు. నరసింహమన్నా, అత్త చెప్పేది రాసేదీ, మీరు రాసింది చదివి వినిపించేదీ ఐదో తరగతి చదివిన ఈ పుష్పమ్మే. మాత్రలు మాత్రం మీరు చెప్పినట్టే ఒక్కరోజు తప్పకుండా మింగినాను. మీసాలు, పాలు, బిందె, రవికెగుడ్డ నేను కలిపినవి. నా మొగుడికి రెండో పెళ్లి చేస్తానని అత్త నా చేతనే రాయించింది. పాపం, ఇంట్లో రాసేవాళ్లు వేరే లేరు. ఆ రోజు సిరా అలుక్కుపోయింది వానకు కాదన్నా. చానా భయమేసింది. ఇప్పుడు బరువులెత్తొద్దని డాక్టరమ్మ నిజంగానే చెప్పింది గానీ, మీ ఉత్తరంలో ఉంటే తప్ప అత్త నమ్మదు. నీళ్ల బిందె సంగతి ఈసారి మీరే రాయండి. ఉన్నది ఉన్నట్టు చదువుతాను.