ఫోనులో బ్యాంకు పెద్దమనిషి

మునిరత్నం,

నీ ఏటీఎం కార్డు ఆపించడానికి తొలి బస్సుకు మదనపల్లె బ్యాంకుకు పోతున్నాను. కొట్టు నువ్వే తెరువు. నేనొచ్చేదాకా ఫోను మోగినా ఎత్తొద్దు. నిన్న నువ్వు కార్డు మీది నంబరు చదివి వినిపించిన పెద్దమనిషి, రహస్య నంబరు కోసం ఈరోజు మళ్లీ చేస్తానన్నాడు కదా. అదీ చెప్పావంటే ఎద్దులమ్మిన సొమ్మంతా ఊడ్చుకుపోతాడు. కొత్త జత మాట మరిచిపోవాల్సిందే.

పుంగనూరు సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడతావు. పక్కన నిలబడిన నాకు కూడా ధర తెలియనివ్వవు. పళ్లు చూడకుండా ఎద్దు పగ్గం ముట్టవు. మరి వీడి మొహమైనా చూశావా?

"బ్యాంకోడేన్నా, నా పేరు గూడా సెప్పినాడు గదా!" అంటావు. నీ పేరు సంతలో గడ్డి అమ్మే మునెమ్మకూ తెలుసు. ఆమె అడిగినా చెప్పేస్తావా?

"శానా మర్యాదగా మాట్లాడినాడన్నా" అని పైగా మెచ్చుకోలు. సొమ్ము కాజేసేవాడు తిట్టి అడుగుతాడా? ఆ మర్యాదకు నాకు బస్సు చార్జీ, ఒక పూట పని ఖర్చు.

రాత్రి అలిగి తినకుండా పడుకున్నావు. గిన్నెలో సంగటి మూతపెట్టి ఉంది, తిను.

అన్న

ఇంకొకటి. నా గొంతుతో ఎవరడిగినా ఆ రహస్య నంబరు చెప్పొద్దు. నిజంగా నేనే అడిగినా సరే. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం, నీ దగ్గర ఎంతుందని ఒక్కనాడూ అడగలేదు. ఇకమీదా అడగను.