గాలి సొరంగం ఎవరి పొయ్యి కింద?

కాడుగోడి,
జూన్ 3

విమాన పరిశోధనశాల ఆఫీసరు గారికి, మీ కాంపౌండు గోడ వెనక ఇడ్లీ హోటలు నడిపే పాపక్క నమస్కరించి రాయునది.

మీ గేటు దగ్గర ఫోన్లు తీసేసుకుంటారని విని ఉత్తరం రాస్తున్నాను. నిన్న మీ గోడకు కొత్త బోర్డు పెట్టారు. 'గాలి సొరంగం, అరవయ్యో ఏడు, విస్తరణ పనులు' అని ఉంది. మెట్రో సొరంగం అన్నచోట ఎన్ని ఇళ్లు లేచిపోయాయో మేం చూశాం. పక్క కొట్టు నాగరాజ్ ఆ బోర్డు చదివి, "అక్కా, అది నీ పొయ్యి కిందనే పోతా ఉండాది" అన్నాడు. అప్పటినుంచి నాకు అన్నం సహించడం లేదు. ఇల్లు వెంకటరాయప్ప గారిది, నేను ఇరవై రెండేళ్లుగా అద్దెకున్నాను. ఈ హోటలు పోతే నాకు వేరే బతుకుతెరువు లేదు. దయచేసి సొరంగాన్ని ఇంకోవైపు తిప్పుకోండి.

ఇట్లు,
పాపక్క

తా.క. రోజూ పదకొండింటికి మీ లోపలినుంచి వచ్చే మోతకు ఇడ్లీ పళ్లేలు గెంతుతున్నాయి. సాంబారు అడిగినవాళ్లకు చట్నీ వేస్తున్నాను.

జూన్ 10

పాపక్క గారికి నమస్కారం.

మీరు కంగారుపడకండి. మా సొరంగం భూమిలో లేదు. నేలమీదే ఉన్న పెద్ద గొట్టం అది. అందులో విమానాన్ని కదలకుండా బిగించి, ఎదురుగా గాలి వదులుతాం. ఆకాశంలో అది ఎలా నిలుస్తుందో ఇక్కడే తెలిసిపోతుంది. అరవై ఏళ్లుగా మేం చేస్తున్నది ఇదే.

భవదీయుడు,
దామోదర్
ప్రజా సంబంధాల అధికారి

తా.క. మోత తప్పదు. పదకొండింటికి ముందే సాంబారు వడ్డించేయండి.

జూన్ 14

దామోదర్ అప్పా,

మీ ఉత్తరం నాగరాజ్ పైకి చదివితే హోటల్లో అందరూ బాధపడ్డారు. అరవై ఏళ్లుగా మీ విమానం కదలనేలేదని నాకు తెలియదు. తెలిస్తే నా కష్టం మీకు చెప్పుకునేదాన్ని కాదు. మా తమ్ముడు గంగప్ప అత్తిబెలెలో లారీ మెకానిక్కు. చెక్‌పోస్టు పక్కన మూడేళ్లు పడివున్న లారీని ఒక్క పూటలో కదిలించాడు. మంగళవారం పంపిస్తాను.

అయినా నా భయం నాకుంది. నేలమీది గొట్టమైనా, పొడిగిస్తే వచ్చేది నా వంటింట్లోకే కదా. ఆ మోత కూడా ఆపించండి, లేకపోతే పైవాళ్లకు రాస్తాను.

ఇట్లు,
పాపక్క

తా.క. ఎదురుగా గాలి వదిలితే ఏ బండైనా ఎలా కదులుతుంది? ఒకసారి వెనకనుంచి వదిలి చూడండి.

జులై 21

పాపక్క గారికి,

ఎంక్వయిరీ ఇప్పుడే ముగిసింది, అందుకే ఆలస్యం. మీ తమ్ముడు రెండు జాకీలు, ఒక బూడిద గుమ్మడికాయ పట్టుకుని మా గేటు దగ్గరికొచ్చి, "బండి యాడ నిల్చిపోయిండాది?" అని సెక్యూరిటీని అడిగాడు. దానికి నేను మూడు కమిటీల ముందు జవాబు చెప్పాల్సి వచ్చింది. అమ్మా, మేం బిగించేది అసలు విమానం కాదు, మూరెడు బొమ్మ. విస్తరణ కూడా మీవైపు కాదు, అవతలివైపు.

ఒక శుభవార్త. మీ ఫిర్యాదు డైరెక్టరు గారిదాకా వెళ్లింది. గొట్టానికి కొత్త సైలెన్సర్ బిగించాం. సోమవారంనుంచి మీకు చిన్న చప్పుడు కూడా వినిపించదు. నా సర్వీసులో పూర్తిగా తీర్చగలిగిన ఫిర్యాదు ఇదొక్కటే.

మీ దామోదర్

తా.క. గుమ్మడికాయను తీసుకెళ్లవచ్చు. లోపల ఏముందోనని నెల కిందటే కోశారు కాబట్టి ముక్కు మూసుకుని రండి.

జులై 31

దామోదర్ అప్పా,

సోమవారం మోత రాలేదు. ఆ సంబరంలో వచ్చినవాళ్లందరికీ డబ్బులు తీసుకోకుండా కాఫీ పోశాను. బుధవారం వెంకటరాయప్ప గారు అపార్టుమెంట్లు కట్టే ఆయన్ని వెంటబెట్టుకొచ్చారు. ఆయన ఇదివరకు నాలుగుసార్లు వచ్చాడట. వచ్చినప్పుడల్లా పదకొండింటికి మీ మోత విని, చెవులు మూసుకుని కారెక్కేశాడట. ఈసారి పన్నెండుదాకా కదల్లేదు. నా ఇడ్లీలే తిని, నా పొయ్యి ఉన్నచోట లిఫ్టు వస్తుందని చెయ్యి చూపించాడు. వెంకటరాయప్ప గారు నాతో, "పాపక్కా, ఇంక ఈడ సద్దే లేదు గదా, వచ్చే నెలకు ఖాళీ చేసేయ్" అన్నారు.

ఇన్నేళ్లూ నా హోటలును కాపాడింది మీ మోతేనని తెలిసి ఏడుపొచ్చింది. దాన్ని నేనే పట్టుబట్టి ఆపించుకున్నాను.

సైలెన్సర్ విప్పమంటే డైరెక్టరు గారు ఒప్పుకోరని తెలుసు. నాకు ఒక్క ఉపకారం చెయ్యి. సోమవారం ఆ అపార్టుమెంట్లాయన అగ్రిమెంటు రాసుకోవడానికి వస్తున్నాడు. ఆ లోపల మీ ఆఫీసు ముద్ర వేసి ఒక కాగితం పంపు. గాలి సొరంగం సరిగ్గా నా పొయ్యి కిందనుంచే పోతోందని రాయి.

నీ అక్క,
పాపక్క

తా.క. ఎంత లోతో మాత్రం రాయకు. అడిగితే నేను చెప్పుకుంటాను.